ఒకే గాలి మీద రెండు తెరచాపలు: విండ్‌సర్ఫర్లు, సెయిల్‌బోట్లు ఢీకొనకుండా దారి ఇచ్చిపుచ్చుకునే పద్ధతి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి తెరచాప ఆటలు నేర్చుకోదలచినవారు సాధారణంగా చెన్నై తీరానికి వెళ్తుంటారు. 1911లో ఏర్పడిన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉన్నది అక్కడే. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కాబట్టి, పులికాట్ సరస్సూ దాని ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామాలూ ఇప్పుడు ఈ జిల్లావారికి సొంత నీరే అయ్యాయి. ఈత, సమతూకం, తెరచాప పట్టు వంటి విద్యలను శిక్షకులు ఓపికగానే నేర్పుతారు. అయితే ఎదురుగా మరో తెరచాప వస్తున్నప్పుడు ఎవరు తప్పుకోవాలనే విషయాన్ని మాత్రం చాలామంది నీటిలోకి దిగిన తరువాతే, అదీ అరకొరగా తెలుసుకుంటారు. ఈ మార్గదర్శి ఆ ఒక్క విషయానికే పరిమితం.

మొదటే తొలగించవలసిన అపోహలు రెండున్నాయి. విండ్‌సర్ఫ్ బోర్డు, అంటే మనిషి నిలబడి తెరచాపను చేతులతో పట్టుకుని నడిపే పలక, చిన్నది, చురుకైనది కాబట్టి ఎప్పుడూ అదే తప్పుకోవాలని బోటు నడిపేవారిలో కొందరు అనుకుంటారు. బోర్డు మీద ఉన్నవాడు ఏ రక్షణా లేని మనిషి కాబట్టి బోటే ఎప్పుడూ తప్పుకోవాలని బోర్డు నడిపేవారిలో కొందరు అనుకుంటారు. రెండూ నిజం కావు. సముద్రంలో ఢీకొనడాన్ని నివారించే అంతర్జాతీయ నియమావళి 1972లో రూపొంది 1977 జులై 15 నుంచి అమలులో ఉంది. నీటి మీద రవాణాకు వాడగల ప్రతి సాధనాన్నీ అది నౌకగానే నిర్వచిస్తుంది. ఇంజను వాడకుండా తెరచాపతో నడిచే ప్రతి నౌకా దాని దృష్టిలో తెరచాప నౌకే. విండ్‌సర్ఫ్ బోర్డుకు విడిగా మినహాయింపూ లేదు, అదనపు గౌరవమూ లేదు. కనుక బోర్డూ బోటూ ఎదురైనప్పుడు పరిమాణాన్ని గాని వేగాన్ని గాని చూడకుండా, గాలి ఎవరికి ఏ పక్క నుంచి తగులుతోందో చూసి తీర్పు చెప్పుకోవాలి.

మొదటి దశ: ఒడ్డు మీదే గాలిని చదవడం

నీటి మీద దారి హక్కు గాలి దిశను బట్టి మారుతుంది కాబట్టి, గాలి మారినప్పుడల్లా హక్కు కూడా చేతులు మారుతుంది. తిరుమల కొండకు ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి మరో ఘాట్ రోడ్డు ఉన్నాయి కాబట్టి అక్కడ ఎదురెదురు బండ్ల సమస్యే తలెత్తదు. నీటికి అటువంటి ఏర్పాటు ఏదీ లేదు. రోడ్డు మీద అలవాటైన ‘ఎడమ పక్కన నడవాలి’ అనే సూత్రం కూడా తెరచాపల మధ్య చెల్లదు.

మన తూర్పు తీరాన్నే ఉదాహరణగా తీసుకుందాం. తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, సముద్రం తూర్పున ఉంటుంది. మధ్యాహ్నం పూట సముద్రపు గాలి తూర్పు నుంచి గాని ఆగ్నేయం నుంచి గాని వీస్తున్నప్పుడు, తీరం వెంబడి ఉత్తరానికి వెళ్లేవారికి గాలి కుడి పక్క నుంచి తగులుతుంది, దక్షిణానికి వెళ్లేవారికి ఎడమ పక్క నుంచి తగులుతుంది. గాలి ఎడమ పక్క నుంచి తగిలేవారే కుడి పక్క నుంచి తగిలేవారికి దారి ఇవ్వాలి కాబట్టి, ఆ వేళలో ఉత్తరానికి వెళ్లేవారు తమ దారిన తాము సాగాలి, దక్షిణానికి వచ్చేవారు తప్పుకోవాలి. అదే తీరంలో తెల్లవారుజామున నేల మీది నుంచి పడమటి గాలి వీస్తున్నప్పుడు లెక్క పూర్తిగా తారుమారవుతుంది. అందువల్ల నీటిలోకి దిగే ముందు ఒడ్డున నిలబడి, ఈ పూట ఏ దిక్కుకు వెళ్లేటప్పుడు నాకు హక్కు ఉంటుంది, ఏ దిక్కుకు వెళ్లేటప్పుడు నేను తప్పుకోవాలి అనే లెక్కను గట్టిగా తేల్చుకుని వెళ్లాలి. ఈ చిన్న పని చేసినవారికి నీటి మీద సగం తికమక తగ్గుతుంది.

పడమటి గాలి విషయంలో మరో జాగ్రత్త కూడా అవసరం. అది ఒడ్డు నుంచి సముద్రంలోకి తోసే గాలి. పక్కకు తప్పుకోబోయి నీటిలో పడినవారు నిమిషనిమిషానికీ తీరానికి దూరమవుతూ ఉంటారు. కొత్తగా నేర్చుకునేవారు ఆ గాలిలో దిగకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

రెండవ దశ: మీ ట్యాక్‌ను తడుముకోకుండా చెప్పగలగడం

గాలి కుడి పక్క నుంచి తగిలితే స్టార్‌బోర్డ్ ట్యాక్, ఎడమ పక్క నుంచి తగిలితే పోర్ట్ ట్యాక్. పుస్తకంలో చదివినప్పుడు తేలికగా అనిపించే ఈ తేడా, అలల మీద ఊగుతూ నిర్ణయం తీసుకోవలసిన క్షణంలో మెదడుకు అందకుండా పోతుంది. బోర్డు నడిపేవారికి ఇందుకు చక్కని గుర్తు ఒకటుంది. బూమ్‌ను, అంటే తెరచాపకు అడ్డంగా ఉండే పట్టుకడ్డీని, మామూలుగా రెండు చేతులతో పట్టుకున్నప్పుడు, తెరచాపను నిలబెట్టే కొయ్యకు (మాస్ట్‌కు) దగ్గరగా కుడిచేయి ఉంటే మీరు స్టార్‌బోర్డ్ ట్యాక్‌లో ఉన్నట్టు, ఎడమచేయి ఉంటే పోర్ట్ ట్యాక్‌లో ఉన్నట్టు లెక్క. కుడిచేయి ముందుంటే హక్కు మీది, ఎడమచేయి ముందుంటే జాగ్రత్త మీది. ఎదురుగా వచ్చే మరో బోర్డు ట్యాక్‌ను కూడా దాని మీది మనిషి చేతులను చూసి ఇదే విధంగా చెప్పవచ్చు.

బోటు ట్యాక్‌ను తెలుసుకోవాలంటే దాని ప్రధాన తెరచాప ఏ పక్కకు వాలి ఉందో చూడాలి. తెరచాప ఏ పక్కన ఉంటే గాలి దానికి అవతలి పక్క నుంచి వస్తున్నట్టు నియమావళి పరిగణిస్తుంది. అందువల్ల తెరచాప ఆ బోటుకు ఎడమ పక్కన ఉంటే అది స్టార్‌బోర్డ్ ట్యాక్. ఎదురుగా వచ్చే బోటుకు ఎడమ పక్క మీకు కుడిచేతి వైపు కనిపిస్తుంది. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

దీన్ని నేర్చుకోవడానికి నీళ్లే అక్కరలేదు. ఊళ్లోని ఏదైనా మైదానంలో, గాలి ఉన్న సాయంత్రం పూట, ఇద్దరు మిత్రులు చెరొక కర్రను బూమ్‌లా పట్టుకుని వేరువేరు దిక్కుల నుంచి నడిచి వస్తూ, దగ్గరయ్యేలోపు ఎవరు తప్పుకోవాలో పైకి చెప్పుకుంటూ సాధన చేయవచ్చు. చూసేవారు నవ్వుకున్నా సరే, ఆలోచించకుండా జవాబు నోటికి వచ్చేదాకా ఈ సాధన మానకూడదు.

మూడవ దశ: తీర్పు చెప్పుకునే వరుస

ఎదుటి తెరచాప కనిపించగానే మొదట వేసుకోవలసిన ప్రశ్న, మనలో ఎవరైనా వెనుక నుంచి దాటిపోతున్నామా అన్నది. దాటిపోయేవారు ఏ ట్యాక్‌లో ఉన్నా, అది బోర్డయినా బోటయినా, ముందున్నవారికి అడ్డు రాకుండా తప్పుకోవాలి. ఇది మిగతా అన్ని సూత్రాలను మించిన నియమం. ఎదుటి నౌకకు అడ్డంగా ఊహించుకున్న గీతకు 22.5 డిగ్రీలకు మించి వెనుక నుంచి వస్తున్నవారిని దాటిపోయేవారిగా లెక్కిస్తారు. చేయి చాచి బిగించిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు ఉంటుంది కాబట్టి, ఇది రెండు పిడికిళ్ల కంటే కొంచెం ఎక్కువ. దాటుతున్నామో లేదో అనుమానంగా ఉంటే దాటుతున్నామనే భావించాలి. పూర్తిగా దాటి దూరమయ్యేంత వరకు ఆ బాధ్యత తీరదు.

దాటిపోవడం కాకపోతే, ఇద్దరి ట్యాక్‌లు వేరా అని చూడాలి. వేరైతే పోర్ట్ ట్యాక్‌లో ఉన్నవారు తప్పుకోవాలి. ఇద్దరిదీ ఒకే ట్యాక్ అయితే, గాలి వచ్చే వైపున, అంటే ఎగువన ఉన్నవారు దిగువన ఉన్నవారికి దారి ఇవ్వాలి. ఎగువన ఉన్నవారికి అడ్డులేని గాలి అందుతుంది, దిగువన ఉన్నవారికి ఆ వెసులుబాటు తక్కువ. ఈ సూత్రం వెనుక ఉన్న న్యాయం అదే.

అంతగా ప్రచారంలో లేని ఉపనియమం మరొకటుంది. మీరు పోర్ట్ ట్యాక్‌లో ఉండగా ఎగువన ఒక తెరచాప కనిపించి, దానికి గాలి ఏ పక్క నుంచి తగులుతోందో తేల్చుకోలేకపోతే, తప్పుకోవలసినది మీరే. దూరం నుంచి ఎండ మెరుపులో వచ్చే బోర్డుల విషయంలో ఇది తరచుగా అక్కరకు వస్తుంది.

నాలుగవ దశ: ఢీకొనే ప్రమాదం ఉందో లేదో ముందే పసిగట్టడం

మంచి గాలిలో నీటి పైపొర మీద జారుతూ వెళ్లే విండ్‌సర్ఫ్ బోర్డు 20 నాట్ల వేగాన్ని, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్ల వేగాన్ని అందుకోవడం మామూలే. చిన్న సెయిల్‌బోటు 6 నాట్లతో వస్తోందనుకుంటే, ఎదురెదురుగా వచ్చే ఈ రెంటి మధ్య ఉన్న 200 మీటర్ల దూరం 15 సెకన్లలో కరిగిపోతుంది. ఆ 15 సెకన్లలోనే చూడడం, తేల్చుకోవడం, మలుపు తిరగడం అన్నీ పూర్తికావాలి. చూపు ఆలస్యమైతే ఎంతటి నైపుణ్యం ఉన్నా అక్కరకు రాదు.

ఎదుటి నౌక మీకు ఏ కోణంలో కనిపిస్తోందో ఆ కోణం మారకుండా, నౌక మాత్రం పెద్దదవుతూ ఉంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే. పెద్ద ఓడల్లో దీన్ని దిక్సూచితో కొలుస్తారు. బోర్డు మీద దిక్సూచి ఉండదు కాబట్టి దూరాన ఉన్న తీరాన్ని వాడుకోవాలి. మీ దిశను మార్చకుండా, ఆ నౌక వెనుక కనిపించే తాటిచెట్టునో దీపస్తంభాన్నో గుర్తు పెట్టుకుని గమనించండి. నౌక ఆ గుర్తును దాటి ముందుకు జరుగుతూ ఉంటే మీ ముందు నుంచి పోతుంది, వెనుకబడుతూ ఉంటే మీ వెనుక నుంచి పోతుంది, గుర్తు మీదే అతుక్కున్నట్టు నిలిచి ఉంటే మీరిద్దరూ ఒకే చోటికి చేరుకుంటున్నారని అర్థం.

ఇక కనబడని వైపు సంగతి. బోర్డు నడిపేవారికి తెరచాపలో పారదర్శకమైన కిటికీ ఉన్నా, దిగువ వైపు చాలా భాగం మరుగునే ఉంటుంది. బోటులో కూడా ముందు తెరచాప కిందికంటా దిగి ఉన్నప్పుడు దిగువ వైపు ముందు భాగం కనిపించదు. దిగువన ఉన్నవారికి ఎగువవారే దారి ఇవ్వాలన్న సూత్రాన్ని దీనితో కలిపి చూస్తే, ఎవరికి దారి ఇవ్వవలసి ఉందో వారే మీకు కనిపించని చోట ఉంటారని తెలుస్తుంది. కొన్ని సెకన్లకు ఒకసారి తెరచాప కిందుగా వంగి చూడడం, బోటులో అయితే దిగువ వైపు చూడడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించడం తప్పనిసరి. హార్నెస్‌తో, అంటే ఒంటికి కట్టుకుని కొక్కెంతో బూమ్‌కు తగిలించుకునే పట్టీతో, వేలాడుతూ వేగాన్ని ఆస్వాదిస్తున్న నిమిషాల్లోనే ఈ అలవాటు జారిపోతూ ఉంటుంది.

ఐదవ దశ: దారి ఇవ్వవలసినవారు చేయవలసిన పని

తప్పుకునే పని ముందుగా జరగాలి, ఎదుటివారికి స్పష్టంగా కనిపించేంత పెద్దదిగా ఉండాలి. కొంచెం కొంచెంగా నాలుగుసార్లు దిశ మార్చడం కంటే ఒక్కసారి గట్టిగా మార్చడమే మేలు, ఎందుకంటే చిన్న మార్పులు ఎదుటివారి కంటికి ఆనవు. మీరు తమను చూశారో లేదోనన్న సందేహంతో వారు కూడా కదిలితే, ఇద్దరూ ఒకే వైపుకు తప్పుకునే ప్రమాదం ఉంది.

ఎదుటివారి వెనుక నుంచి వెళ్లడం అన్నిటికంటే నమ్మదగిన మార్గం. పోర్ట్ ట్యాక్‌లో గాలికి ఎదురుగా ఏటవాలుగా వెళ్తున్న బోర్డు, స్టార్‌బోర్డ్ ట్యాక్ బోటును చూడగానే తన ముక్కును గాలికి దూరంగా దించి, బోటు చుక్కాని వైపు గురిపెట్టి దాని వెనుక నుంచి దాటాలి. అయితే ముక్కును దించగానే బోర్డు వేగం పుంజుకుంటుందని మరచిపోకూడదు. ఆ వేగం వద్దనుకుంటే వెనుక చేతిని వదులు చేసి తెరచాపలోని గాలిని వదిలివేయాలి. బోర్డుకు బ్రేకు అంటూ ఉన్నది అదొక్కటే. ఒకే ట్యాక్‌లో ఎగువన ఉండి దగ్గరవుతున్నవారు మాత్రం ముక్కును గాలి వైపు ఎత్తి ఎడం పెంచుకోవాలి.

చేయకూడని పనుల్లో మొదటిది, ఎదుటి బోటు ముక్కు ముందు ట్యాక్ మార్చడం, అంటే మన ముక్కును గాలికి ఎదురుగా తిప్పి అవతలి పక్కకు మళ్లడం. ట్యాక్ మార్చే సమయంలో బోర్డు దాదాపు ఆగిపోతుంది, మనిషి ఒక పక్క నుంచి మరో పక్కకు అడుగులు వేస్తూ ఉంటాడు. అప్పుడు పడిపోతే బోటు దారిలోనే పడతాడు. చివరి క్షణంలో జైబ్ చేయడం, అంటే వెనుక భాగాన్ని గాలి వైపు తిప్పుతూ అవతలి పక్కకు మళ్లడం, ఇంకా ప్రమాదకరం. ఎంత అనుభవం ఉన్నవారైనా ఎక్కువగా పడిపోయేది జైబ్‌లోనే. మలుపు తప్పదనుకుంటే ఎడం బాగా ఉన్నప్పుడే తిరిగివేయాలి.

ఆరవ దశ: హక్కు ఉన్నవారి బాధ్యత

దారి హక్కు ఉన్నవారు తమ దిశనూ వేగాన్నీ మార్చకుండా నిలుపుకోవాలి. ఇది వారికిచ్చిన వరమని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి ఇది వారి మీద ఉన్న కట్టుబాటు. తప్పుకునేవారు మీ కదలికను ముందే అంచనా వేసి తమ దారిని ఎంచుకుంటారు. మీరు మర్యాద కోసమో భయం వల్లనో మధ్యలో దిశ మారిస్తే వారి లెక్క తప్పుతుంది. చురుకుగా తిరగగలిగే బోర్డు నడిపేవారిలో ఈ దోషం మరీ ఎక్కువ. మర్యాద చూపదలిస్తే ఢీకొనే పరిస్థితి ఏర్పడక ముందే, దూరంగా ఉన్నప్పుడే మళ్లిపోవాలి. దగ్గరపడిన తరువాత మాత్రం నిలకడే మర్యాద.

అయితే ఈ నిలకడకు ఒక హద్దు ఉంది. ఎదుటివారు తప్పుకోవడం లేదని స్పష్టమైనప్పుడు హక్కు ఉన్నవారు తమంతట తాము తప్పించుకోవచ్చు. వారు ఒక్కరు తప్పుకున్నంత మాత్రాన ప్రమాదం తప్పదనే స్థితి వస్తే, హక్కు ఉన్నవారు కూడా తప్పించుకుని తీరాలి. అంతకు ముందే ‘స్టార్‌బోర్డ్’ అని గట్టిగా కేక వేయడం తెరచాపల లోకంలో పాతుకుపోయిన ఆచారం. గాలికి ఎదురుగా వేసిన కేక వినబడదు కాబట్టి, చేయి ఎత్తి చూపించడం, ఎదుటివారి కళ్లలోకి చూడడం కూడా అవసరం. వారి ముఖం మీ వైపు తిరగలేదంటే మిమ్మల్ని వారు చూడలేదనే అనుకోవాలి.

బోటు నడిపేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. హక్కు ఉన్న బోర్డు ఏ క్షణంలోనైనా నీటిలో పడవచ్చు. దాని వెనుక నుంచి దాటేటప్పుడు బోటు పొడవుకు కొన్ని రెట్ల ఎడం ఉంచాలి. విండ్‌సర్ఫ్ కొయ్య ఒక్కటే నాలుగు మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, అది పడినప్పుడు అంతమేరా నీటి మీద పరుచుకుంటుంది.

ఏడవ దశ: దాటిపోవడం, గాలి నీడ

వేగం ఎక్కువ కాబట్టి దాటిపోయే పని ఎక్కువగా బోర్డుకే పడుతుంది. పెద్ద తెరచాప ఉన్న బోటుకు దిగువన కొంతమేర గాలి బలహీనపడి సుడులు తిరుగుతుంది. దాన్ని గాలి నీడ అంటారు. హార్నెస్‌కు వేలాడుతూ, తన బరువంతా ఎగువ వైపు వాల్చి వస్తున్న మనిషి ఆ నీడలోకి ప్రవేశించగానే తెరచాపలో బలం ఒక్కసారిగా పోతుంది. మనిషి ఎగువకు, అంటే సరిగ్గా ఆ బోటు వైపుకే పడతాడు. కనుక బోటుకు దగ్గరగా దిగువ పక్క నుంచి దాటకూడదు. ఎగువ నుంచి తగినంత ఎడంతో దాటాలి, లేదా దిగువన కొయ్య ఎత్తుకు అనేక రెట్ల దూరంలో దాటాలి. ఎగువ నుంచి దాటినప్పుడు ఎదుటివారి గాలిని మీరు కాసేపు అడ్డుకుంటారు గనుక త్వరగా ముందుకు సాగిపోవడం మర్యాద. దాటగానే వారి ముందుకు అడ్డంగా తిరగకూడదు.

నీటి కింద రెక్క ఉన్న ఫాయిల్ బోర్డులు ఇప్పుడు ఒలింపిక్స్ దాకా వెళ్లాయి. 2024 పారిస్ క్రీడల్లో విండ్‌సర్ఫింగ్ పోటీ ఐక్యూఫాయిల్ బోర్డుల మీదే జరిగింది. వీటికి దారి సూత్రాలు మారవు గాని, ఆ రెక్క అంచు మనిషిని లోతుగా కోయగలదు, పడేటప్పుడు బోర్డు ఎటు ఎగురుతుందో చెప్పలేం. వీటికి మామూలు కంటే రెట్టింపు దూరం పాటించడం వివేకం.

ఎనిమిదవ దశ: మిగతా నౌకలు, పులికాట్ వంటి నీళ్లు

ఇంజను నౌకలు తెరచాప నౌకలకు దారి ఇవ్వాలి. సెయిల్‌బోటు తెరచాప ఎత్తి ఉన్నా ఇంజను నడుపుతుంటే అది ఇంజను నౌకే. అయితే ఇరుకైన కాలువలో తప్ప నడవలేని పెద్ద ఓడలకు తెరచాప నౌకలు అడ్డు రాకూడదు. చెన్నై రేవు పరిసరాల్లో ఈ నియమం అన్నిటికంటే ముందు గుర్తు రావాలి.

వలలు, గాలాల తాళ్లు వేసి చేపలు పడుతూ స్వేచ్ఛగా తిరగలేని స్థితిలో ఉన్న పడవకు బోర్డూ సెయిల్‌బోటూ రెండూ తప్పుకోవాలి. పులికాట్‌లో ఇది పుస్తకాల నియమం మాత్రమే కాదు. అక్కడి నీరు చాలా చోట్ల ఒక మీటరుకు అటూ ఇటూ లోతే ఉంటుంది, కొయ్యలు పాతి కట్టిన వలలు ఉంటాయి, వాటి మీద ఆధారపడి కుటుంబాలు బతుకుతున్నాయి. బోర్డు కింది రెక్క వలకు తగిలితే వల తెగుతుంది, మీరూ ఎగిరిపడతారు. అంతేకాక, ఆంధ్రప్రదేశ్ వైపు పులికాట్ పక్షుల సంరక్షణ కేంద్రం, శ్రీహరికోట వైపు అంతరిక్ష కేంద్రపు నిషేధిత ప్రాంతం ఉన్నాయి కాబట్టి, అధికారుల అనుమతి లేనిదే అక్కడ ఆటకు దిగకూడదు.

పోటీలు జరుగుతున్న చోట పోటీదారుల మధ్య తెరచాప ఆటల అంతర్జాతీయ సంస్థ అయిన వరల్డ్ సెయిలింగ్ పందెపు నియమాలు వర్తిస్తాయి. వాటిని నాలుగేళ్లకు ఒకసారి సవరిస్తారు. ప్రస్తుత సంపుటి 2025 నుంచి 2028 వరకు అమలులో ఉంటుంది, విండ్‌సర్ఫింగ్‌కు అందులో ప్రత్యేక అనుబంధం ఉంది. పోటీలో లేని నౌక ఎదురైతే మాత్రం పోటీదారుడు కూడా అంతర్జాతీయ నియమావళినే పాటించాలి. హక్కు ఉన్నా లేకపోయినా, పోటీ జరుగుతున్న నీటిలోకి బయటివారు చొరబడకపోవడమే పద్ధతి.

తొమ్మిదవ దశ: మనిషి నీటిలో పడినప్పుడు, తాకిడి జరిగినప్పుడు

పడిపోయిన విండ్‌సర్ఫర్‌ను చూసిన బోటు అతనికి ఎగువన దగ్గరగా ఆగకూడదు, ఎందుకంటే గాలి బోటును అతని మీదికే నెడుతుంది. దూరంగా చుట్టి దిగువ వైపుకు వచ్చి, ఎడం పాటిస్తూ, సహాయం కావాలా అని అడగాలి. పడినవారు బోర్డును వదలకూడదు. మనిషి తల అలల్లో కనిపించదు, బోర్డు మాత్రం చాలా దూరానికి కనిపిస్తుంది. రెండు చేతులను చెరో పక్కకు చాచి నెమ్మదిగా పైకీ కిందికీ మళ్లీ మళ్లీ ఆడించడం అంతర్జాతీయంగా గుర్తించిన ఆపద సంకేతం. క్షేమంగా ఉన్నవారు ఊరికే చేతులు ఊపితే దాన్ని ఆపదగా పొరబడే అవకాశం ఉందని కూడా తెలుసుకోవాలి.

తాకిడి తప్పదని తెలిసినప్పుడు బోర్డు నడిపేవారు హార్నెస్ కొక్కేన్ని విడిపించుకుని, తెరచాపను వదిలి, బోటుకు అవతలి వైపు నీటిలోకి దూకాలి. పైకి తేలేటప్పుడు ఒక చేతిని తల మీద అడ్డం పెట్టుకోవాలి. బోటువారు వెంటనే తెరచాపల తాళ్లు వదిలి వేగాన్ని చంపాలి, ఇంజను ఉంటే దాన్ని ఆపాలి లేదా గేరును న్యూట్రల్‌లో పెట్టాలి. తరువాత మనుషులను లెక్కపెట్టుకోవాలి, తలకు దెబ్బ తగిలిందేమో చూడాలి. తలకు దెబ్బ తగిలినవారు బాగానే ఉన్నామని చెప్పినా మళ్లీ బోర్డు ఎక్కనివ్వకుండా, బోటులోనే ఒడ్డుకు చేర్చి వైద్యుడికి చూపించాలి. కొయ్య, బూమ్, చుక్కాని, అడుగు రెక్క పగుళ్లను పరిశీలించడం, ఎవరిది తప్పో మాట్లాడుకోవడం ఒడ్డు చేరిన తరువాతి పనులు.